బూజుపట్టిన గడ్డియు రైతు యూపిరితిత్తులును

నూర్పిళ్లు ముగిసిన పిమ్మట, వాన భయముచేత తడి యారకమునుపే వామి వేసిన గడ్డి లోలోపల వేడెక్కునని రైతులకు మేము చెప్ప నక్కరలేదు. చేయి దూర్చి చూచినవారందఱు నెఱుగుదురు. కొన్ని నెలలకు ఆ గడ్డిని పెరుకునపుడు తెల్లని పొడి పొగవలె లేచును. మంచి భాగము నేరి పశువులకు వేయుదమని దానిని దులుపుచుందుము. ఆ దులుపువాని యూపిరితిత్తులలో జరుగు పనిని సూక్ష్మదర్శిని చూపినది. అది మన సభ్యు లెఱుగవలసిన సంగతి.

ధాన్యము జల్లించువారి దగ్గును గూర్చి రామజ్జిని యను ఇటలీ వైద్యుడు 1713 నాటికే వ్రాసియుండెను. బూజు గడ్డితో పనిచేసి జబ్బుపడిన ఇంగ్లాండు కూలీల సంగతి 1932లో క్యాంబెల్ అను వైద్యుడు ప్రకటించెను. పిమ్మట దీనికి "రైతు యూపిరితిత్తి" యను పేరే నిలిచినది. మన వృత్తి పేరు ఒక రోగమునకు తగులుకొనుట సంతోషింపదగినది కాదు.

రోగి యూపిరితిత్తి నుండి చిన్న ముక్క తీసి పలుచని పొరలుగ కోసి చూతురు. ఆరోగ్యవంతునిలో గాలితిత్తుల గోడలు మిక్కిలి పలుచన. ఈ రోగిలో నవి దళసరియై, సన్నని గాలిగొట్టముల చుట్టును తెల్ల రక్తకణములు గుంపులు గూడియుండును. నడుమనడుమ వదులుగ కట్టిన చిన్న కణుపులును, అనేక కణము లేకమై యేర్పడిన రాక్షస కణములును గానవచ్చును. కొన్నిటిలో సూదులవంటి సన్నని ఖాళీలుండును. ముక్కను సిద్ధపఱచునపుడు కొలెస్టరాలు అను క్రొవ్వు కరగిపోగా మిగిలిన యచ్చు లవి. క్షయలోను కణుపులు కట్టును గాని, వాని నడిమి భాగము చివికి జున్నువలె నగును. ఇచట నట్లు చివుకదు. క్షయ క్రిమియు నుండదు. లోనికి పోయిన ధూళితో శరీరమే పోరాడి తన్ను తాను గాయపఱచుకొనుచున్నదన్నమాట. ఏండ్ల తరబడి యిట్లు జరిగినచో గాయము మచ్చకట్టి గట్టిపడును. ఆ మచ్చను తిరిగి మెత్తపఱచు మందు లేదు.

ఈ ధూళి యెక్కడిది? 1963లో పెపిస్ మొదలగు పరిశోధకులు దీనిని వేడినిగోరు సూక్ష్మజీవుల పనిగా తేల్చిరి. బూజువలె కనబడినను అవి బాక్టీరియా జాతివి. వాని బీజములు మిల్లీమీటరులో వేయవ వంతు పరిమాణముగలవి. ముక్కు వానిని ఆపజాలదు. అదే యేట రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయమువారు వేర్వేరు తేమలతో గడ్డి కట్టలు కట్టి చూచిరి. నూటికి 16 పాళ్లు తేమ యున్నది అంతగా వేడెక్కలేదు. 25 పాళ్లున్నది 45 డిగ్రీల సెంటిగ్రేడు వఱకును, 40 పాళ్లున్నది 60కి పైగను వేడెక్కినవి. రోగకారక ధూళి ఈ కడపటి దానిలోనే విస్తారముగ నుండెను.

ఉదయము గడ్డి దులిపినవానికి నాలుగు మొదలు ఎనిమిది గంటలకు చలి, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము వచ్చి, తఱచు ఒకటి రెండు దినములలో తగ్గును. కావున గడ్డిపై నెవరికిని అనుమానము పోదు. మలేరియా యందురు, మంచు పడలేదందురు. ఆయాసము నిలిచిపోయినచో క్షయ యందురు. వైద్యునియొద్దకు పోయినపుడు చేసిన పని యేమో, జ్వరము ఎన్ని గంటలకు వచ్చెనో తప్పక చెప్పవలయును. క్షయ కాదని తామే నిశ్చయించుకొని మందు మానరాదు. కఫపరీక్ష చేయించి తెలిసికొనవలయును.

గడ్డిని బాగుగ నార్చి, నేలచెమ్మ తగులకుండ ఎత్తైన తావున వామి వేయుడు. బూజుపట్టినదానిని కొట్టములో దులుపక, నీరు చల్లి, గాలి వీపునకు తగులునట్లు నిలిచి ఆరుబయట తీయుడు. తలగుడ్డ మూతికి చుట్టుకొన్నంత మాత్రమున ఈ ధూళి ఆగదు. ముఖమునకు బిగువుగ నమరు ఎన్-95 ముసుగు కావలయును. ఒకమారు ఈ జ్వరము తగిలినవానిని మరల ఆ పనికి పంపకుడు. బెల్లము వండువారు చెఱకు పిప్పి విషయమునను ఇట్లే మెలగవలయును. తడిసి, కుప్పలో నిలువయుండి బూజుపట్టిన పిప్పి ధూళియు ఇట్టి రోగమునే కలిగించును.