పాపికొండలలో ఛాయాచిత్రములు

వివాహము నిశ్చయమైన పిదప వధూవరులను గోదావరికి గొనిపోయి ఫొటోలు తీయించుట యిప్పుడు మన యిండ్లలో నొక వేడుకయైనది. పోలవరమున కెగువను నది యిరుకై కొండల నడుమ ప్రవహించు తావులపైననే యెల్లరకును మక్కువ. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’, 2006లో వచ్చిన ‘గోదావరి’ చలనచిత్రములు చూచినవారి కీ కోరిక కలుగుట వింత గాదు.

అయితే పాపికొండలు ఊరిలోని పూలతోటవంటివి కావు. 1978లో అభయారణ్యముగను, 2008లో జాతీయోద్యానముగను ప్రకటింపబడిన యడవి యది. వేయి చదరపు కిలోమీటర్లకు మించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి యిట్టి యడవిలో ప్రవేశించుటకు అనుమతిపత్రము కావలెను. అనుమతి నొసగదగిన కార్యములలో ఛాయాగ్రహణ మొకటియని 28వ సెక్షను చెప్పుచున్నది. 2022లో చేసిన సవరణవలన చలనచిత్ర నిర్మాణమును అందు చేరినది. కాని యడవికిని జంతువులకును హాని కలుగరాదని నిబంధన విధింపబడినది. వేడుకకు తీయువారు, వృత్తిగా తీయువారు అను భేద మా సెక్షనులో లేదు.

ఇది వట్టి రుసుము వసూలు కొఱకు కల్పించిన చిక్కని కొంద రనుకొందురు. రంగుపొగలు, లౌడుస్పీకరులు, రాత్రివేళ కన్నులు మిరుమిట్లు గొలుపు దీపములు ఫొటోకు సొంపు గూర్చవచ్చును. మూగజీవములకు మాత్ర మవి బెదురే. ఎండకాలమున నొక్క నిప్పురవ్వ చాలును. జంతువులను వేధించుట, చెత్త పాఱవేయుట కూడ ఆ చట్టముచే నిషిద్ధములే.

కావున సోదరీమణులు ఫొటోగ్రాఫరుతో బేరము కుదుర్చుకొనుటకు ముందే, అనుమతి యెవరు తేవలెనో, రుసుము ఎవరు చెల్లింపవలెనో తేల్చుకొనుట మేలు. అటవీశాఖవారి కార్యాలయమున విచారించి, పత్రము చేత బట్టుకొనియే బయలుదేరవలెను. డ్రోనులకు 2021 నాటి నియమములు వేఱుగ గలవు. అడవిలో ప్రవేశము దొరకినంత మాత్రమున వానిని ఎగురవేయు హక్కు కలుగదు.

ఏ కార్యాలయమును ఈయజాలని యనుమతి మఱియొకటి కలదు. ఆ కొండలలో కొండరెడ్లు నివసింతురు. వెదురుతడికల యింటిముందు పనిచేసికొను స్త్రీని అడుగకయే ఫొటో తీయుట మర్యాద యగునా? మన ముంగిట నెవ్వరైన నట్లు చేసిన మనము సహింతుమా? పోలవరము ప్రాజెక్టు ముంపు కారణముగ పెక్కు కుటుంబము లూళ్లు విడిచి పునరావాస కాలనీలకు తరలినవి. విడిచిన యింటి గురుతు కొందఱికి ఫొటోలోనే మిగులును. అడిగి తీయుడు, తీసినదాని ప్రతి నొకదానిని వారికిని పంపుడు. ఇంతమాత్ర మౌదార్యము మన సోదరీమణులకు కష్టము గాదని మా నమ్మకము.