నోరు మంచిదైతే గ్రూపు మంచిది

మా అరోరాలో మే నెల సగం దాటితేగానీ మంచు భయం పోదు. అందుకే ఇల్లినాయ్‌లో మనవాళ్ల తోటపని ఏప్రిల్‌లో, కిటికీ పక్కన పేపరు కప్పుల్లో మొదలవుతుంది. గోంగూర, బెండ, సొర విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఆరేళ్ల కిందట మేం నలుగురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. బాలాజీ గుడికి వచ్చినప్పుడు పార్కింగ్‌లోనే నారు చేతులు మారేది. చూస్తుండగానే రెండు వందల మందిమి అయ్యాం. అడ్మిన్‌ని నేనే.

రెండేళ్ల కిందటి సంగతి. కొత్తగా పెళ్లయి వచ్చిన ఒక అమ్మాయి, సొర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని ఫొటో పెట్టింది. గ్రూపులో పెద్దాయన ఒకరు "ఎరువు చాల్లేదు" అన్నారు. "అంకుల్, పుప్పొడి అందకుంటే గూడ గట్లయితదంట గదా. పొద్దుగూకినంక మగపువ్వుతోని అద్ది చూడాల్నా?" అని అడిగింది. సొరపూలు విచ్చేది సాయంత్రాలే, ఆమె అన్నది సబబే. ఆయనకి కోపం వచ్చింది. ముందు ఆ అమ్మాయి యాసని వెక్కిరించారు. తర్వాత తల్లి పెంపకం మీద, మొగుడి మీద ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ రాయలేను.

రాత్రి పదింటికి చూశాను. "ఆయన నోరే అంత, మనసు మంచిది" అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. ఏటా అందరికీ కరివేపాకు మొక్కలు ఊరికే పంచేది ఆయనే మరి. పొద్దున్నే ఎవరో శుభోదయం బొమ్మ పెట్టారు. ఇంకొకరు పూసిన మందారం ఫొటో పెట్టారు. ఆ మాట పైకి జరిగిపోయింది. మధ్యాహ్నానికి ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్లిపోయింది.

వారం తర్వాత ఇండియన్ స్టోర్‌లో కనిపిస్తే, "పెద్దాయన కదమ్మా, పట్టించుకోకు" అన్నాను. కొత్తిమీర కట్ట బుట్టలో వేసుకుంటూ నెమ్మదిగా అంది: "అన్నది ఒక్కరే అక్కా. చూసి ఊకున్నోళ్లు రెండు వందల మంది."

నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లకి భూదేవంత ఓర్పు ఉండాలని వింటూ పెరిగినదాన్ని. అదే ఓర్పు ఆ అమ్మాయి మీద రుద్దబోయాను. నేను చూపించాననుకున్న సహనానికి ఖరీదు కట్టింది ఆమె.

2024 జులైలో తెలుగునాట జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక యూట్యూబర్ స్నేహితులతో లైవ్‌లో కూర్చుని, ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద నీచంగా మాట్లాడితే పక్కవాళ్లు నవ్వారు. దానికి డార్క్ కామెడీ అని పేరు. నటుడు సాయి ధరమ్ తేజ్ గొంతెత్తాక తెలంగాణ పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. చర్చలో ఉన్న మిగతావాళ్ల మీదా కేసు పెట్టారు. మా గ్రూపులో ఎవరూ నవ్వలేదు, నిజమే. కానీ ఆ అమ్మాయి వైపు నుంచి చూస్తే మా మౌనం ఎలా కనిపించి ఉంటుంది?

మర్నాడు పెద్దాయనకి ఫోన్ చేశాను. "ఇది అమెరికా తల్లీ, ఫ్రీ స్పీచ్" అన్నారు. 1791లో వచ్చిన మొదటి సవరణ ప్రభుత్వం చేతులు కడుతుంది బాబాయ్ గారూ, మన వాకిట్లో ఎలా మాట్లాడుకోవాలో మనం చెప్పుకోవచ్చు అన్నాను. హద్దులేని సహనం చివరికి సహనాన్నే లేకుండా చేస్తుందని తత్వవేత్త కార్ల్ పాపర్ 1945లో రాశాడు. అయితే ముందు మాటలతో నచ్చజెప్పి చూడాలనీ అన్నాడు. నేనూ అదే ప్రయత్నం చేశాను. ఆయన వినలేదు, గ్రూపు వదిలేశారు.

అప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. రసాయన ఎరువుల మీద ఎంతైనా వాదించుకోవచ్చు. కులం, మతం, యాస, ఒళ్లు, ఇంటివాళ్ల జోలికి పోకూడదు. అడ్మిన్లు ముగ్గురు. ఎవరు ముందు చూస్తే వాళ్లే ఆ మెసేజ్ తీసేయాలి. 2022 నుంచి వాట్సాప్‌లో అడ్మిన్‌కి ఆ వీలుంది. ఎందుకు తీశామో గ్రూపులోనే ఒక ముక్క రాయాలి, మాట పడినవాళ్లకి ఫోన్ చెయ్యాలి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి నెల రోజులు బయట. తిరిగి రావాలంటే మాట పడినవాళ్లకి క్షమాపణ చెప్పాలి.

ఆ ఏడు మాకు కరివేపాకు మొక్కలు లేవు. "ఒక్క మాటకి మంచి మనిషిని పోగొట్టావు" అని నన్ను దెప్పినవాళ్లున్నారు. కానీ అంతవరకూ నోరు విప్పని కొత్త కోడళ్లు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. మరుసటి ఏప్రిల్‌లో పెద్దాయనే ఫోన్ చేసి "నోరు జారానమ్మా" అన్నారు. ఆ అమ్మాయితోనూ మాట్లాడారు. ఆయన తిరిగొచ్చారు. ఆమె రాలేదు. అది ఆమె ఇష్టం. ఏటా ఒక కవరులో సొర విత్తనాలు పంపిస్తుంటాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అది మాట్లాడేవాళ్లకి చెప్పిన సామెత అనుకునేదాన్ని. ఊరుకునేవాళ్లకి కూడా వర్తిస్తుందని ఇప్పుడు అనిపిస్తోంది. మీ వంటల గ్రూపులోనో, పాటల గ్రూపులోనో ఇలాంటిది జరిగితే, శుభోదయం బొమ్మ పెట్టే ముందు ఒక్క వాక్యం రాయండి: "ఆ మాట తప్పండీ." మీ వెనక ఇంకో పదిమంది రాస్తారు.