కుందేలు నీళ్లు ఎక్కువగా తాగుతోందా?

మన కాలనీ క్వార్టర్లలో కుక్కలు, పిల్లులతో పాటు ఇటీవల కుందేళ్లు కూడా కుటుంబ సభ్యులుగా చేరుతున్నాయి. మొరగని, అరవని ప్రాణి కావడం వలన పిల్లలకు, పెద్దలకు అవి ప్రీతిపాత్రమయ్యాయి. అయితే ఆ మౌనమే వాటికి ఒక్కోసారి ముప్పు తెచ్చిపెడుతుంది. అడవిలో నీరసం బయటపడిన కుందేలు వెంటనే వేటజంతువుల కంట పడుతుంది. అందువలన జబ్బును దాచుకోవడం దాని నైజం. దానిని పసిగట్టవలసిన బాధ్యత పెంచుకునే వారిదే.

గత వేసవిలో మా ఇంట జరిగిన సంఘటన ఈ వ్యాసానికి ప్రేరణ. మా అమ్మాయి పెంచుకుంటున్న రెండు కిలోల కుందేలు గిన్నెడు నీళ్లు తాగి, మళ్లీ ఖాళీ గిన్నెను పళ్లతో లాగసాగింది. గూడు తరచు తడిసిపోయేది. బరువు కూడా తగ్గింది. ఎన్నో ఏళ్లుగా మధుమేహంతో బాధపడుతున్న మా అమ్మగారు అది చూసి, “ఇది నా జబ్బేరా నాయనా! నా మాత్రలో పావు ముక్క నూరి వెయ్యి” అన్నారు. మేము ముందుగా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాము. రక్తంలో చక్కెర 260 మిల్లీగ్రాములని తేలింది. అమ్మగారి మాటే నిజమైందని అనుకున్నాము. వైద్యుడు మాత్రం అంగీకరించలేదు.

చక్కెర పెరిగితే మధుమేహమేనా?

ఆరోగ్యంగా ఉన్న కుందేలు రక్తంలో డెసిలీటరుకు సుమారు 75 నుండి 150 మిల్లీగ్రాముల చక్కెర ఉంటుంది. భయం, ప్రయాణపు బడలిక, నొప్పి కలిగినప్పుడు అది 300 కూడా దాటవచ్చు. 2012లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 907 పెంపుడు కుందేళ్ల రక్తాన్ని పరీక్షించారు. పేగులో అడ్డంకి ఏర్పడిన వాటిలో చక్కెర సగటున 445 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ పెరుగుదలకు కారణం మధుమేహం కాదు, ప్రాణాపాయంతో కూడిన బాధ.

పెంపుడు కుందేళ్లలో నిజమైన మధుమేహం చాలా అరుదు. దాని నిర్ధారణకు ఒక్క రక్తపరీక్ష చాలదు. కుందేలు కుదుటపడిన తరువాత మరల రక్తాన్ని, మూత్రాన్ని పరీక్షించాలి. గడచిన కొద్ది వారాల చక్కెర స్థాయిని సూచించే ఫ్రక్టోసమిన్ పరీక్ష కూడా తోడ్పడుతుంది. మనుషులకు వలె పరగడుపు పరీక్ష కోసం కుందేలును పస్తు ఉంచరాదు. మూత్రం వద్ద చీమలు చేరడం కూడా రుజువు కాదు. రాలిన బిస్కెట్టు పొడికి సైతం చీమలు వస్తాయి.

అసలు కారణం

వైద్యుడు నోరు పరిశీలించగా, దవడ పన్ను అంచు మొనదేలి నాలుకను గాయపరుస్తున్నట్లు కనబడింది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని నమలడం వలననే అవి అరుగుతాయి. ముద్దుకొద్దీ బిస్కెట్లు, అరటిపండ్లు పెట్టి గడ్డి తగ్గించిన తప్పు మాదే. నొప్పితో మేత తగ్గించిన కుందేలు నీళ్లు ఎక్కువగా తాగడం కద్దు. మత్తు ఇచ్చి పన్ను సరిచేసిన తరువాత రెండు వారాలలో అది మామూలు స్థితికి వచ్చింది. మేము మాత్రను నమ్ముకుని ఉంటే, నొప్పి అలాగే ఉండేది, కుందేలు మాత్రం మిగిలేది కాదేమో!

దప్పిక పెరగడానికి మూత్రపిండాల వ్యాధి మరొక ముఖ్య కారణం. ఎన్సెఫాలిటోజూన్ అనే సూక్ష్మజీవి మూత్రపిండాలతో పాటు మెదడును కూడా దెబ్బతీస్తుంది. అప్పుడు తల ఒక పక్కకు వాలడం, వెనుక కాళ్లు బలహీనపడడం కనిపించవచ్చు. లావెక్కిన కుందేలు మేత మానివేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. మూత్రం పాలవలె చిక్కగా ఉండడం, ఆకుల రంగు వలన ఎర్రబడడం సహజమే. కాని రక్తం కలిసినా ఎర్రగానే ఉంటుంది కనుక, ముఖ్యంగా ఆడ కుందేలు విషయంలో, వైద్యునికి చూపించడం మేలు.

ఇంట్లో పాటించవలసినవి

కుందేలు రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుండి 150 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది. ఉదయం కొలిచి పోసి, మరునాడు అదే వేళకు మిగిలిన నీటిని కొలిస్తే లెక్క తేలుతుంది. ఎండలు ముదిరినప్పుడు, ఎండుగడ్డి ఎక్కువగా తిన్నప్పుడు కొంత పెరగడం సహజం. చల్లని రోజులలో కూడా దప్పిక తగ్గకపోతే ఆలోచించవలసిందే. అంతమాత్రాన నీళ్లు మాత్రం తగ్గించరాదు. వారానికొకసారి బరువు తూచాలి. రోజూ పెంటికలను గమనించాలి. అవి చిన్నవై, తగ్గిపోతే అది ప్రమాద సూచన. పన్నెండు గంటలపాటు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా, మరునాటి వరకు ఆగక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

మనుషుల మధుమేహ మాత్రలు ఎట్టి పరిస్థితులలోనూ వేయరాదు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే, పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి కుందేలు మరణించవచ్చు. గరిక, ఎండుగడ్డి ప్రధానాహారంగా ఉండాలి. పండ్లు, క్యారెట్టు రుచికి మాత్రమే.

ఇప్పుడు మా అమ్మాయి నోటుపుస్తకంలో ప్రతిరోజూ నీటి కొలత, వారం వారం బరువు రాస్తోంది. మనవరాలికి కళ్లజోడు పెట్టుకుని ఆ లెక్కలు సరిచూసేది మా అమ్మగారే. “మన జబ్బును అందరికీ అంటగట్టకూడదమ్మా, ముందు చూడాలి, తరువాత చెప్పాలి” అని ఆమె అంటూ ఉంటారు. కుందేలును పెంచే ప్రతి ఇంటా అటువంటి నోటుపుస్తకం ఒకటి ఉండడం ఎంతైనా అవసరం.