డ్రాగు పందెపు కారు - మనిషి కూర్చుండు చోటు



అమెరికా దేశమున డ్రాగు పందెమనునది యొకటి కలదు. వంకలు లేని బాటమీద రెండు కార్లను ప్రక్కప్రక్కన నిలిపి, దీపము వెలిగినంతనే వదలుదురు. ఆదినుండి వాడుకలోనున్న దూరము పావుమైలు, అనగా 1,320 అడుగులు. 2008 నుండి మిక్కిలి వేగముగల తరగతులకు మాత్రము 1,000 అడుగులుగా తగ్గించిరి. 1950లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంతా ఆనా విమానాశ్రయపు బాటమీద ఈ పందెములు క్రమముగా జరుగసాగినవి. మరుసటి యేడు వాలీ పార్క్స్ అనునాతడు వీనికొక జాతీయ సంఘమును స్థాపించెను.

ఈ పందెమునకై ప్రత్యేకముగా కట్టబడు ఒక విధమగు కారును గూర్చి నేడు చెప్పదలచితిని. అందు ఇంజను ముందుండును. చోదకుడు వెనుక ఇరుసునకును వెనుకనే కూర్చుండును. అతడచట ఎందుకు కూర్చుండెనో, దానివలన ఏమి వచ్చెనో వినుడు.

మీలో ఎడ్లబండి తూకము నెరుగనివారుండరు. సరుకు ఇరుసునకు వెనుక హెచ్చైనచో కాడి పైకి లేచును. ముందు హెచ్చైనచో ఎడ్ల మెడలు క్రుంగును. ఈ కారునకును తూకమే ప్రాణము. దీనిని ముందుకు త్రోయునవి వెనుక చక్రములు. వానిపై బరువు చాలనిచో అవి పట్టు దొరకక ఉన్నచోటనే గిరగిర తిరుగును. ఇంజను బలమంతయు టైర్ల పొగయై పోవును. కావున 1954-55 ప్రాంతమున మికీ థాంప్సన్ అను కాలిఫోర్నియా వాసి చోదకుని వెనుక ఇరుసునకు ఆవల కూర్చుండబెట్టెను. మనిషి బరువే చక్రములకు పట్టయ్యెను. ఉండేలులో రాయివలె మనిషి వెనుకనుండుటచే దీనికి ఆ పేరే పెట్టి 'స్లింగ్‌షాట్' అనిరి.

ఇక నిర్మాణ క్రమము. మొదట చట్రము. క్రోమియము, మాలిబ్డినము కలిపిన ఉక్కు గొట్టములను కోసి, వంచి, అతికి, సన్నగా పొడవుగా నిచ్చెనవలె చేయుదురు. తొలినాళ్లలో రెండు ఇరుసుల నడుమ ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరముండెడిది. 1960ల చివరకది పదునెనిమిది అడుగుల వరకు పెరిగెను. బయలుదేరునప్పుడు ముందుభాగము కాడివలె లేవకుండుటకు ఈ పొడవు తోడ్పడును. వెనుక ఇరుసును స్ప్రింగులు లేకయే చట్రమునకు బిగింతురు. వెనుక టైర్లు వెడల్పైనవి, గాడులు లేని నునుపైనవి. ముందువి సైకిలు చక్రములవలె సన్ననివి. ముందు చక్రములకు బ్రేకులు కూడ ఉండవు. గమ్యము దాటినపిదప వెనుకనుండి పారాచూటు విచ్చుకొని వేగమును తగ్గించును.

ఇంజను తరచుగా క్రైస్లర్ కంపెనీవారి 392 ఘనపుటంగుళముల 'హెమీ'. లారీల, బస్సుల డీజిలు ఇంజన్లకై చేయబడిన గాలి త్రోయు యంత్రమును దానిపై అమర్తురు. పెట్రోలునకు మారుగా నైట్రోమీథేను పోయుదురు. అందు ప్రాణవాయువు ఇమిడియున్నందున, అంతే గాలితో ఎన్నియో రెట్ల ఇంధనము మండును. ఫ్లారిడా వాసియగు డాన్ గార్లిట్స్ 1964లో ఇట్టి బండిపై గంటకు 200 మైళ్ల వేగమును దాటెను.

అయితే ఈ వేగమునకు మూల్యము చెల్లించినవాడు చోదకుడే. ఇంజను పగిలినచో వేడినూనెయు మంటయు అతని ముఖముపైకే వచ్చును. అతని కాళ్లు ఇరుసునకు ఇరువైపుల చాచియుండ, బలమును చక్రములకు చేర్చు భాగములు వాని నడుమనే తిరుగుచుండును. 1970 మార్చి 8వ తేదీన లయన్స్ పందెపు బాటపై గార్లిట్స్ బండిలోని రెండు గేర్ల పెట్టె బయలుదేరునప్పుడే బ్రద్దలయ్యెను. బండి రెండు ముక్కలయ్యెను; అతని కుడిపాదములో కొంతభాగము తెగిపోయెను.

అతడు పందెము మానలేదు. తన చోటు మార్చుకొనెను. ఇంజనును వెనుకకు పంపి తాను ముందు కూర్చుండెను. అట్టి బండ్లను మునుపు కొందరు చేసియుండిరి గాని అవి అదుపు తప్పెడివి. స్టీరింగు కొంచెము త్రిప్పినంతనే ముందు చక్రములు ఎక్కువగా మరలకుండ మందగింపజేయుటతో ఆ చిక్కు తీరెను. 1971లో పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ పందెమును అతడా బండితోనే గెలిచెను. కొలది యేండ్లలోనే పై తరగతిలో పాతరీతి బండ్లు అంతరించెను.

నేటికిని ఆ రీతిపై మక్కువగలవారు ముందు ఇంజను బండ్లను కట్టి ఆడుచున్నారు. కాని వారు క్లచ్చి చుట్టు దళసరి ఉక్కు కవచమును, తలచుట్టు గొట్టముల పంజరమును, నిప్పునకోర్చు దుస్తులను తప్పక యేర్పరచుకొందురు.

మన పొలములకును ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రములు వచ్చినవి. కొనునప్పుడు వాని బలమెంత అని అడుగుదుము. పనివాడెచట నిలుచును, ఇనుము విరిగినచో ముక్క ఎటు పోవును అని కూడ అడుగుడని నా మనవి.