మూసిన ప్రదర్శనశాలలు: చైనా నేర్పిన పాఠము

ప్రదర్శనశాల అనగా పురాతన వస్తువులుంచిన భవనము మాత్రమే కాదు. వాటిని చూచి, ప్రశ్నించి, తెలిసికొనెడి ప్రజలు కూడ అందొక భాగమే. తలుపులు మూసినచో వస్తువులు లోపల, ప్రజలు వెలుపల నుందురు. ఈ ఇరువురిని కలుపుట ఎట్లు? 2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఈ ప్రశ్న అన్ని దేశములలోను పుట్టినది.

ముందుగా చైనాను చూతము. బీజింగు నగరములోని రాజభవన ప్రదర్శనశాలను 2020 జనవరి 25న మూసివేసిరి. ఏప్రిల్ 5, 6 తేదీలలో అచటి ఉద్యోగులు జనశూన్యమైన ప్రాంగణములలో నడచుచు భవనములను చూపి వివరింపగా, ప్రజలు ఇంటనే యుండి సెల్‌ఫోనులలో అప్పటికప్పుడు చూచిరి.

గోబీ ఎడారి అంచునగల దున్‌హువాంగ్ బౌద్ధ గుహలవారు వేరొక పద్ధతి నవలంబించిరి. చైనీయులు నిత్యము వాడు ‘వీచాట్’ అను సామాజిక మాధ్యమములో 2020 ఫిబ్రవరి 20న గుహల దర్శనమునకు ఏర్పాటు చేసిరి. చూచువారు రాజవంశమును బట్టిగాని, రంగును బట్టిగాని కుడ్యచిత్రముల నెన్నుకొనవచ్చును.

ఇంత త్వరగా ఇది ఎట్లు సాధ్యమైనది? సందర్శకుల ఊపిరిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు గుహలలోని చిత్రములకు హాని చేయును. అందువలన గత శతాబ్దపు చివరి దశకములనుండియే అచట గోడలను ఛాయాచిత్రములుగా తీయుచుండిరి. గోడను కొద్దికొద్దిగా, ఒక చిత్రపు అంచు ప్రక్క చిత్రములోనికి వచ్చునట్లు తీయుదురు. రెండింటను కనుపించు గుర్తులను కంప్యూటరు పోల్చి వాటిని అతుకును. 2016 నాటికే 30 గుహలు అంతర్జాలములో చేరినవి. తలుపులు ఒక్కనాటిలో మూతపడినవి. చూపదగిన సామగ్రి మాత్రము ఏండ్ల శ్రమఫలము.

ఇంకొక విషయము గమనింపవలెను. చైనాలో ఫేస్‌బుక్, యూట్యూబ్ అందుబాటులో లేవు. కనుక లండనులోని బ్రిటిష్ మ్యూజియము చైనీయులకొరకు వారి ‘వైబో’లో వారి భాషయందే వ్రాయుచున్నది. చూడవలసినవారు ఎచట నున్నారో, ఏ భాష చదువుదురో తెలియకున్న ఎంత మంచి చిత్రమైనను వారిని చేరదు.

ఇక మన పల్నాటికి వత్తము. భారత పురావస్తుశాఖ 2020 మార్చి 17న తన ప్రదర్శనశాలలను మూసివేసినది. మాచర్ల మండలములోని నాగార్జునకొండ ప్రదర్శనశాల వాటిలో నొకటి. కృష్ణా జలముల నడుమ నున్న ఈ ద్వీపమును చేరుటకు పడవయే దారి. ఇచట లభించిన క్రీ.శ. మూడవ శతాబ్దపు ప్రాకృత శాసనమొకటి కలదు. బోధిసిరి అను ఉపాసిక దానిని వేయించెను. కాశ్మీర, గాంధార, చీన మొదలగు దేశములవారికి ధర్మమందు విశ్వాసము కలిగించిన సింహళ భిక్షువులను అది స్మరించును. ‘చీన’ అను ఆ ఒక్క మాటకు చక్కని చిత్రము, చైనా భాషలో నాలుగు వాక్యముల వివరణ చాలును. దూరదేశపు పాఠకుడు పల్నాటివైపు చూచును.

నాగార్జునకొండ లోయ కోవిడ్‌కు ముందే, శాశ్వతముగా మూతపడినది. సాగరు జలాశయములో అది మునుగనున్నందున 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, కొలతలు వ్రాసి, కొన్ని కట్టడములను కొండపై తిరిగి నిర్మించిరి. 1966లో ప్రదర్శనశాల తెరువబడినది. మునిగిన లోయ నమూనాను నేడు అందులో చూడవచ్చును. నీరు రాకముందు వ్రాసికొన్నందుననే అది సాధ్యమైనది. ఆ వస్తువులలో కొన్ని ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ అను ప్రభుత్వ అంతర్జాల సంపుటిలో కూడ చేరినవి.

గురజాల, నరసరావుపేట ప్రాంతములలోని విద్యార్థులును ఈ పని చేయవచ్చును. ఊరిలోని వీరగల్లునో, శాసనమునో తాకక, అక్షరములపై సుద్దగాని నూనెగాని పూయక, ప్రక్కన కొలబద్ద నుంచి ఏటవాలు వెలుతురులో చిత్రము తీయవలెను. స్థలము, తేదీ, కొలతలు వ్రాసికొనవలెను. ఉపాధ్యాయులు వాటిని పాఠశాలలో భద్రపరచినచో, రేపు ఆ రాయి అరిగినను, దానిని చేరు దారి మూసికొన్నను, చూపుటకు కొంత మిగులును.