ఈసెట్ ర్యాంకు వచ్చినా టీసీ రాదు
పాలిటెక్నిక్ చదివిన మన పిల్లలకు ఇంజనీరింగ్‌లోకి దారి ఈసెట్. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఇది రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 200 మార్కుల్లో 100 సొంత బ్రాంచి సబ్జెక్టుకే. ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు.

కాగితం మీద దారి తెరిచే ఉంది. అడ్డం పడేది ఫీజు బకాయి. సర్కారు రీయింబర్స్‌మెంట్ ఆలస్యం చేస్తే, కొన్ని ప్రైవేటు కాలేజీలు టీసీ, మెమోలు ఆపేస్తాయి. కౌన్సెలింగ్ తేదీ మాత్రం ఆగదు. బాకీ పడింది ప్రభుత్వం, శిక్ష కూలితల్లి బిడ్డకు. అప్పు పుట్టకపోతే సీటుతోపాటు ఏడాదీ పోతుంది.

అందుకే మేం అడుగుతున్నాం: విద్యార్థి సంఘాలు ర్యాంకర్లకు శాలువాలు కప్పి ఊరుకోవద్దు. కౌన్సెలింగ్‌కు ముందే కాలేజీకి వెళ్లి వాళ్ల టీసీలు ఇప్పించాలి. బకాయి సంగతి సర్కారు, కాలేజీ తేల్చుకోవాలి.