దించిన కారు, అరిగెడు టైర్లు

హంద్రీనదికి చేరువనుండి, నేడు కర్నూలు నగరములో అంతర్భాగమైన కల్లూరు, శ్రీనగరమునుండి కన్యాకుమారివరకు సాగు 44వ జాతీయ రహదారికిని, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగ కడపకు పోవు 40వ జాతీయ రహదారికిని దగ్గరి చోటగుటచే, ఇచట కారు కలవారు ఒక్క దినములోనే నున్నని రాజమార్గముమీదను, గుంతలతో నిండిన పల్లెబాటమీదను బండి నడపవలసి వచ్చుచుండును. ఇట్టి సీమలోను కారును నేలకు చేరువగ దించుకొనుటయందు మక్కువ గల యువకులు కలరు. దించిన కారు చూపునకు ఠీవిగ నుండుననియు, బరువు నేలకు దగ్గరగుటచే మలుపులలో తక్కువగ ఒరుగుననియు వారు చెప్పు మాట సత్యమే. అయితే పొట్టి స్ప్రింగులు బిగించిన నాడే చక్రముల కోణములు కూడ మారిపోవునన్న సంగతి, టైరు లోపలి అంచున తీగలు బయటపడువరకు పెక్కుమందికి తెలియకుండుట విచారకరము.

1983 డిసెంబరులో మన రోడ్లమీదికి వచ్చిన మారుతి 800 మొదలుకొని నేటి చిన్నకార్లలో అధికభాగమునకు, ముందు చక్రములయొద్ద అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేర ప్రసిద్ధమైన స్ట్రట్ అమరిక యుండును. స్ప్రింగును షాక్ అబ్జార్బరును ఒకే నిలువు దండముగ కూర్చి, దాని పైకొనను బాడీకి బిగించి, క్రిందికొనను చక్రపు హబ్బుకు తగిలింతురు. ఆ హబ్బును అడుగుననుండి పట్టియుంచునది లోయర్ ఆర్మ్. బాడీ క్రిందికి దిగినపుడు, అంతవరకు వెలుపలివైపు కొంచెము వాలియున్న ఆ ఆర్మ్ సమతలమునకు వచ్చుచు చక్రపు అడుగుభాగమును బయటికి నెట్టును; అందుచే చక్రపు తల కారువైపునకు వాలును. ఈ వాలునే మెకానిక్కులు నెగెటివ్ కాంబర్ అందురు. టైరు లోపలి అంచుమీద భారము హెచ్చి, ఆ అంచు ముందుగ అరుగుటకు ఇదియొక కారణము.

అయినను దోషమంతయు కాంబరుమీద మోపుట న్యాయము కాదు. కంటికి కనబడునది కాంబర్. టైరును నిజముగ తినివేయునది టో. పైనుండి చూచినపుడు రెండు ముందు చక్రములు తిన్నగ ముందునకు చూచుచున్నవా, ముక్కులు లోపలికి తిరిగియున్నవా, వెలుపలికి తిరిగియున్నవా అన్నదే టో. స్టీరింగునుండి చక్రమునకు పోవు టై రాడ్ తిరుగు చాపమును, లోయర్ ఆర్మ్ తిరుగు చాపమును సరిగ ఒక్కటి కావు గనుక, కారు దిగినంతనే ఆ రెంటి పొత్తు చెడి, ఆయా కారు నిర్మాణమునుబట్టి చక్రముల ముక్కులు ఇటో అటో తిరుగును. కాడికి కట్టిన ఎద్దులు చెరియొక ప్రక్కకు లాగుచుండగా బండి ముందునకే పోవుచున్నట్లు, కారు తిన్నగనే సాగును, కాని చక్రములు మాత్రము నేలమీద అడ్డముగ ఈడ్వబడుచుండును.

ఆ ఈడ్పు ఎంతయో లెక్క కట్టి చూడవచ్చును. ఒక చక్రము తన సరియైన దిశనుండి 0.2 డిగ్రీలు మాత్రమే తొలగియున్నదనుకొందము. కిలోమీటరు దూరము పోవునప్పటికి అది సుమారు మూడున్నర మీటర్లు ప్రక్కకు రాచుకొనును. కర్నూలునుండి కడపకు రమారమి 200 కిలోమీటర్లు. చేరునప్పటికి ఆ టైరు 700 మీటర్లు అడ్డముగ ఈడ్వబడినదన్నమాట. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటి, కాగిన తారుమీద రబ్బరు మెత్తబడు మన ప్రాంతమున ఈ రాపిడి ఫలమెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

దీనిని కనిపెట్టుటకు చేయి చాలును. టైరుమీద అరచేతిని అడ్డముగ ఒకసారి లోపలికి, ఒకసారి వెలుపలికి నడిపినపుడు, ఒకవైపు నున్నగను మరియొకవైపు గరుకుగను తగిలినచో టో చెడినదని తలపవచ్చును. గరుకు లేకయే లోపలి అంచు మాత్రము నున్నబడియుండినచో కాంబరును శంకింపవలెను.

కావున కారు దించిన పిమ్మట, స్ప్రింగులు సర్దుకొనుటకై కొన్ని దినములు మెల్లగ నడిపి, అలైన్‌మెంటు చేయించుట విధిగ భావింపదగును. మంచి పనివాడు మొదట గాలి చూచును. బుష్షులును బాల్ జాయింట్లును వదులుగ నున్నవేమో పరీక్షించును. అటుపిమ్మటనే స్టీరింగును నడుమ నిలిపి, లాక్ నట్టు వదులుచేసి, రెండు టై రాడ్లను సరిచేయును. కాంబరునకు చాల చిన్నకార్లలో సవరింపే లేదు. స్ట్రట్ అడుగున ప్రత్యేకమైన బోల్టులు వేసిన గాని కొంత సవరింపు దొరకదు. వెనుక చక్రములు ఒకే ఇరుసు దూలమునకు బిగింపబడియున్న కార్లలో ఆ కోణములు దింపుటచే అంతగ మారవు. ముందుభాగము ఎక్కువగ దిగినచో హెడ్‌లైట్ల గురి కూడ సరిచూపించుకొనవలెను.

ఖర్చు మిగులునని అసలు స్ప్రింగును కోసి పొట్టిచేయుటను మాత్రము నేను ఎంతమాత్రమును ఒప్పుకొనజాలను. పనిచేయు చుట్లు ఆరింటిలో ఒకటి కోసినచో మిగిలిన స్ప్రింగు 20 శాతము బిరుసెక్కును. కోసిన కొన తన పీఠమున సరిగ కూర్చుండదు. గ్యాసుతో కాల్చి దించినచో ఉక్కు పదునే పోవును. స్పీడ్‌బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లుండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము. అంతకు మించి లేచిన దిమ్మెలు పల్లెల మొగదల ఎన్నియో కలవు. 17 సెంటీమీటర్ల ఎత్తున నున్న కారును అయిదు దించి, అందు అయిదుగురిని కూర్చుండబెట్టినపుడు మిగులు ఖాళీ ఎంతయో యజమాని ముందే ఆలోచింపవలెను. కంపెనీ మూలనిర్దేశములకు విరుద్ధముగ వాహనమును మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిషేధించుచుండగా, 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతము దానిని స్థిరపరచియున్నది గనుక, చేయదలచిన మార్పు చట్టమునకు లోబడినదో కాదో రవాణా కార్యాలయములో ముందుగ విచారించుట మేలు.

కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన. దించిన కారున నడిమి గాడిని కొలిచి తృప్తిపడరాదు. స్టీరింగును ఒకప్రక్కకు పూర్తిగ త్రిప్పి, ముందు టైరు లోపలి అంచును చూడవలెను. వెనుక టైర్ల లోపలి అంచు అట్లు కనబడదు గనుక, సర్వీసునకై బండిని లిఫ్టుమీది కెత్తిన ప్రతిసారియు దానిని చూపింపుమని మెకానిక్కును అడుగవలెను.